టమాటా చవగ్గా ఉన్నప్పుడే గ్రేవీ వండేసి ఫ్రీజర్లో పెట్టుకుంటే నిజంగా డబ్బులు మిగులుతాయా?

కొత్తపేట_కోడలు:
నమస్తే అండీ. మాది కోనసీమ కొత్తపేట. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, ఇంట్లో అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. సాయంత్రం ఇంటికొచ్చి ఉల్లిపాయలు కోసి, వేయించి, టమాటా మగ్గించేసరికే ముప్పావు గంట పడుతోంది. ఓపిక లేని రోజు కర్రీ పాయింటే గతి, వారానికి రెండుసార్లు ఖాయం, వెళ్ళినప్పుడల్లా రెండొందలు ఎగిరిపోతున్నాయి. ఇప్పుడు టమాటా కిలో 15కి దిగింది. వానలు మొదలయ్యాక ఎంతకి పోతుందో తెలిసిందేగా, 2023 జూలైలో నూటయాభై దాటితే రైతు బజార్లో 50 రూపాయల టమాటా కోసం లైన్లు కట్టాం. అందుకే ఇప్పుడే ఒక పది కిలోలు తెచ్చి ఉల్లి టమాటా గ్రేవీ చేసేసి ఫ్రీజర్లో పెట్టేద్దామని. మాది డబుల్ డోర్ ఫ్రిజ్. గ్యాసు ఖర్చు పోను ఏమన్నా మిగులుతుందా, ఎన్నాళ్ళు ఉంటుంది, కరెంటు పోతే ఏంటి పరిస్థితి? అత్తయ్యగారైతే "నిలవ కూర పిల్లలకి పెడతావా" అంటున్నారు, ఆవిడకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.

ట్రే_లెక్క:
లెక్క నేను చెప్తానండి. మీరు చెప్పిన రేటుకి పది కిలోలు 150. వానల్లో కిలో 60 అనుకుందాం, అప్పుడు 600. తేడా 450. ఇంట్లో పెద్ద బర్నర్ గంటసేపు మండితే సుమారు 200 గ్రాముల గ్యాసు పోతుంది. 14.2 కిలోల సిలిండర్ తొమ్మిది వందలు వేసుకున్నా గంటకి పన్నెండు పదమూడు రూపాయలే, రెండు గంటలు వండినా పాతిక. ఫ్రిజ్ ఎలాగూ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఖర్చు వదిలేయండి. అంటే టమాటా మీద మీకు మిగిలేది నాలుగొందలు చిల్లర, అదీ రేటు పెరిగితేనే. అసలు మిగులు కర్రీ పాయింట్ దగ్గరుంది, వారానికి నాలుగొందలు అక్కడే పోతున్నాయిగా! నెలలో సగం రోజులు మానేసినా టమాటా లాభం దాని ముందు చిల్లర కిందే లెక్క.

ఇంకోటి. పది కిలోలు వీధి బండి దగ్గర కొనకండి. మీకు మడికి మార్కెట్ దగ్గరే కదా, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ట్రే తెచ్చుకుని పంచుకోండి. మన డెల్టాలో వరి, కొబ్బరి, అరటి తప్ప టమాటా పెద్దగా పండదు, ఎక్కువ సరుకు మదనపల్లె వైపు నుంచే రావాలి, చేతులు మారిన కొద్దీ రేటు పెరుగుద్ది. బాగా పండినవే తీసుకోండి, గ్రేవీకి అవే కావాలి, పైగా సాయంత్రానికి ఇంకా తగ్గించి ఇస్తారు. చితికినవి, బూజు పట్టినవి మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

కర్రీపాయింట్_బాబాయ్:
అమ్మా, నేను కర్రీ పాయింట్‌లోనే వంట చేసేవాణ్ణి. మీరు కొనే అయిదు కూరల్లో నాలుగింటి అడుగున ఉండేది ఒకటే గ్రేవీ. పొద్దున్నే అది చేసేసుకుంటే తర్వాత పనీర్ వేస్తే పనీర్ కూర, గుడ్డు వేస్తే గుడ్డు కూర. కాబట్టి మీరు కూర ఫ్రీజ్ చేయొద్దు, గ్రేవీ మాత్రమే చేయండి.

టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్ళు నీళ్ళే. ఆ నీళ్ళన్నీ స్టవ్ మీద ఇగరబెట్టారంటే గ్యాసు వృథా. నాలుగేసి ముక్కలుగా కోసి, బాగా మెత్తబడ్డవి నాలుగు చేత్తో నలిపి కుక్కర్ అడుగున వేసి, మీద మిగతావి వేసి సన్నసెగ మీద ఒక్క కూత రానివ్వండి. విడిగా నీళ్ళక్కర్లేదు, ఆ రసం చాలు. తర్వాత చిల్లుల గిన్నెలో వంపితే పల్చటి ఎర్రనీళ్ళు కిందికి దిగిపోతాయి. అవి పారబోయకండి, ఆ రోజు చారు పెట్టేయండి, దానికి వేరే టమాటా అక్కర్లేదు. పైన మిగిలిన ముద్ద మిక్సీ పట్టుకోండి. ఇలా చేస్తే అరకిలో టమాటాకి రమారమి 200 గ్రాముల గుజ్జు వస్తుంది, మీ ఇంటికి ఒక పూట కూరకి సరిపోతుంది.

ఉల్లిపాయలు వేరే బాండీలో నూనెలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక ఈ గుజ్జు పోసి నూనె పైకి తేలేదాకా ఉంచండి. ఉప్పూ కారం సగమే వేయండి. లవంగం ఇప్పుడు వద్దు, ఫ్రీజర్లో దాని ఘాటు పెరిగి చేదు తిరుగుతుంది. పెరుగు, కొబ్బరిపాలు కూడా ఇప్పుడే పోయకండి, కరిగాక విరిగిపోతాయి. బంగాళదుంప ముక్కలైతే పిండి పిండిగా అయిపోతాయి. ఇవన్నీ కూర చేసుకునే రోజు సంగతి.

చల్లార్చడం దగ్గర మాత్రం బద్ధకం వద్దు. మన ఉక్కకి వేడి తపేలా రాత్రంతా గట్టు మీద వదిలేస్తే అప్పుడే పాడవడం మొదలవుద్ది. బేసిన్లో చల్లటి నీళ్ళు పోసి అందులో తపేలా దించి కలుపుతూ ఉండండి, నీళ్ళు వేడెక్కితే మార్చండి. రెండు గంటల్లోపు ఫ్రీజర్లోకి వెళ్ళిపోవాలి. జిప్ కవర్లలో ఒక పూటకి సరిపడా పోసి, గాలి తీసేసి, పళ్ళెంలో పల్చగా పడుకోబెట్టి గడ్డ కట్టించండి. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు, చోటు కలిసొస్తుంది. గాజు సీసాల్లో అంచుదాకా పోస్తే పగులుతాయి, గడ్డకడితే ఉబ్బుతుంది కదా. కవరు మీద తేదీ రాయండి. మూడు నెలల్లో వాడేసుకుంటే రుచి బాగుంటుంది. వాడే రోజు కవర్ని నీళ్ళ కింద ఒక్క నిమిషం పెడితే గడ్డ ఊడొస్తుంది, తిన్నగా బాండీలో వేసేయడమే. కరిగినదాన్ని మళ్ళీ గడ్డ కట్టించొద్దు.

పాలకొల్లు_పిన్ని:
ఇంత హంగామా దేనికర్రా? ఎండాకాలంలో టమాటా నిలవ పచ్చడి పెట్టుకుంటే ఫ్రీజరూ వద్దు కరెంటూ వద్దు. ముక్కలు కోసి ఉప్పు, పసుపు వేసి ఊరబెట్టి, రసం పిండేసి, ముక్కలు ఎండలో పెట్టి, ఆ ఊరిన రసంలోనే చింతపండు నానేసి నూరుకోవడమే. కాకపోతే మన వైపు గాలిలో తేమ ఎక్కువ, ముక్క బాగా ఎండకపోతే బూజు వచ్చేస్తుంది, అందుకే మబ్బు పట్టిన రోజున మొదలెట్టకూడదు. మీ అత్తగారు నిలవ అంటున్నారా? సంవత్సరం పాటు మాగాయ తింటాం, చేపల పులుసు మర్నాటికే రుచి అంటాం, అది నిలవ కాదా అని నవ్వుతూ అడుగు. లేదా ఒకపూట కూర చేసి పెట్టు, ముందు చెప్పకు.

కాలవగట్టు_కుర్రాడు:
కరెంటు సంగతి నాకు వదిలేయండి, ఊళ్ళో లైన్ మీద చెట్టు పడితే ముందు తెలిసేది మాకే. తలుపు తెరవకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటల దాకా ఆగుతుంది, సగం ఉంటే 24 గంటలే. ఖాళీగా ఉన్నచోట నీళ్ళ బాటిళ్ళు పెట్టేయండి, పైన కాస్త వెలితి ఉంచి. ఇంకో చిట్కా: చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డ కట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్లో ఉంచండి. ఊరెళ్ళొచ్చాక బిళ్ళ పైనే ఉంటే సరే, అడుగున గడ్డలో ఇరుక్కుని ఉంటే మీరు లేనప్పుడు మొత్తం కరిగి మళ్ళీ గడ్డ కట్టిందన్నమాట, గ్రేవీ పారేయండి. 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, అలాంటి హెచ్చరిక వస్తే కొత్తగా వండి పెట్టకండి, ఉన్నది ముందు తినేయండి.

ఊరికే_చూసిపోయేవాడు:
పది కిలోల గ్రేవీ చేసిన వారం రోజుకో పనీర్, మూడో వారానికి మళ్ళీ కర్రీ పాయింట్. నేను ఎన్ని ఇళ్ళల్లో చూశానో.

కొత్తపేట_కోడలు:
ఊరికే చూసిపోయేవాడుగారూ, అదీ నిజమేలెండి. అందుకే అన్ని కవర్లలోనూ ఉల్లి కలపను, సగం ఉత్త టమాటా గుజ్జే పెడతాను, పప్పులోకీ చారులోకీ కూడా పనికొస్తుంది, రోజూ ఒకటే రుచి రాదు. బాబాయిగారూ, ఉత్త గుజ్జుకి కూడా నూనె వెయ్యాలా?

కర్రీపాయింట్_బాబాయ్:
అక్కర్లేదమ్మా. ఒక్క ఉడుకు రానిచ్చి చల్లార్చి కట్టేయడమే. ఆ కవర్ల మీద "ఉత్తది" అని రాసుకో, గడ్డ కట్టాక రెండూ ఎర్రగానే కనపడతాయి.