చిన్న వ్యాన్‌లో రెండు సైకిళ్లు, ఇద్దరికి పడక: ఎలా అమర్చాలి?

రెండుచక్రాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఖాళీ వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చే పని మొదలుపెట్టాను. సైకిళ్లు రాత్రిళ్లు కూడా లోపలే ఉండాలి, ఇద్దరం లోపలే పడుకోవాలి. కొలతలు ఇవీ:

ముందు సీట్ల వెనక నుంచి వెనక తలుపు దాకా 240 సెం.మీ. గోడ నుంచి గోడకు 160. వీల్ ఆర్చ్‌ల (వెనక చక్రాల మీద లోపలికి ఉబ్బిన భాగాలు) మధ్య నేల మీద 125. ఆర్చ్ ఎత్తు 30. నేల నుంచి పైకప్పుకు 130. పక్కకు జరిగే తలుపు ఎడమ వైపు ఉంది.

సైకిళ్లు: ఒకటి 29 అంగుళాల చక్రాల ఎంటీబీ (కొండదారుల సైకిల్), హ్యాండిల్ వెడల్పు 76 సెం.మీ., డ్రాపర్ సీటు (మీట నొక్కితే కిందికి దిగేది). రెండోది గ్రావెల్ సైకిల్ (కంకర దారుల్లోనూ పోయేది), హ్యాండిల్ 44. రెండింటికీ డిస్క్ బ్రేకులే, త్రూ యాక్సిల్స్ (చక్రం మధ్యలోంచి దూర్చి బిగించే ఇరుసులు). పడుకునేవాళ్లలో పొడుగు మనిషి ఎత్తు 178 సెం.మీ.

మంచం పైన, సైకిళ్లు దాని కింద నిలబెట్టి పెడదామని అనుకుంటున్నాను. మంచం ఎంత ఎత్తులో కట్టాలి?

కొలబద్ద

కట్టకండి. ఆ ఎత్తు వ్యాన్‌కు ఆ పద్ధతి పనికిరాదు, లెక్క చూడండి.

ముందు చక్రం తీసి, ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) నేలకు పది సెంటీమీటర్ల ఎత్తులో మౌంట్‌కు (ఫోర్కు కొనలను పట్టే బిగింపు) బిగిస్తే ఎంటీబీ ముందు భాగం బాగా కిందికి దిగుతుంది. అయినా హ్యాండిల్ 80-85 దగ్గర ఆగిపోతుంది. మంచం అడుగు 85, చట్రం, పలక కలిపి 3, పరుపు 8. మొత్తం 96. పైకప్పుకు మిగిలేది 34 సెం.మీ. వెల్లకిలా పడుకోవచ్చు కానీ పక్కకు తిరగలేరు, భుజం పైకప్పుకు తగులుతుంది. పైకప్పు ఎత్తుగా ఉన్న వ్యాన్లలో మాత్రమే ఆ పద్ధతి బాగుంటుంది.

మీకు సరిపోయేది ఎల్ ఆకారపు పడక. మనిషికి వెడల్పు కావాల్సింది భుజాల దగ్గర, కాళ్ల దగ్గర కాదు. ముందు చక్రం లేని ఎంటీబీ పొడవు, వెనక టైరు అంచు నుంచి ఫోర్కు కొన దాకా, దాదాపు 156 సెం.మీ. గ్రావెల్ సైకిల్ 138. (మీవి కొలిచి చూసుకోండి, సైజును బట్టి 5-6 సెం.మీ. తేడా వస్తుంది.) అంటే ఎంటీబీని వెనక తలుపు వైపుకు జరిపేస్తే సీట్ల వెనక 84 సెం.మీ. మేర సైకిలే ఉండదు. తలలు, భుజాలు అక్కడ. ఆ భాగంలో పడక వెడల్పు 140 పెట్టండి, మిగతాచోట 93 వస్తుంది.

రెండు సైకిళ్లూ కుడి గోడ వెంట, పొడవునా, ఒకదానికొకటి ఎదురు దిశలో:

గోడ పక్కన గ్రావెల్. దాని ముఖం డ్రైవర్ వైపు, వెనక టైరు వెనక తలుపు దగ్గర. ఫ్రేము మధ్యరేఖ గోడకు 27 సెం.మీ. దూరంలో.

దాని పక్కన ఎంటీబీ, ముఖం వెనక తలుపు వైపు, మధ్యరేఖ గోడకు 55 దూరంలో. పడక అంచు 67 దగ్గర మొదలవుతుంది.

ఇలా పెడితే ఎంటీబీ హ్యాండిల్ 83 ఎత్తులో, గ్రావెల్ వెనక చక్రం (70 ఎత్తు) మీదుగా పోతుంది, తగలదు. ఆ హ్యాండిల్ సీట్ల నుంచి 213 సెం.మీ. దూరంలో ఉంటుంది, మీ పడక 190కే అయిపోతుంది కాబట్టి కాళ్లకూ అడ్డు రాదు. పడక చివర మిగిలిన 50 సెం.మీ.లో వంట పెట్టె, నీళ్ల డబ్బా పెట్టుకోండి, ఎత్తు 75 దాటకూడదు.

వ్యాన్ గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతాయి. 80 ఎత్తులో మళ్లీ ఒకసారి వెడల్పు కొలవండి. గ్రావెల్ హ్యాండిల్ తగిలేలా ఉంటే రెండు సైకిళ్లనూ ఆ మేరకు లోపలికి జరపాలి, పడకలో అంత తగ్గుతుంది.

నట్టుబోల్టు

కొలబద్ద గారి లెక్క సరైనదే. దానికి ఒక మెలిక ఉంది: ఈ వరస కుడి గోడకే నప్పుతుంది. చైను ఎప్పుడూ సైకిల్‌కు కుడి పక్కన ఉంటుంది కదా. కుడి గోడ దగ్గర, లోపలి సైకిల్ ముఖం వెనక్కి ఉంటే రెండింటి చైన్లూ బయటి వైపు పడతాయి, ఒకటి గోడకు, ఒకటి పడకకు. ఇదే వరస ఎడమ గోడకు పెడితే చైన్లు రెండూ ఎదురెదురవుతాయి. ఈ కొలతల్లో రెండు క్రాంకులూ (పెడళ్లు బిగించే చేతులు) సీట్ల నుంచి దాదాపు 163 సెం.మీ. దగ్గరే పడతాయి, పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి గీకుతాయి. తలుపు కుడి వైపు ఉన్నవాళ్లు గ్రావెల్‌ను 15 సెం.మీ. ముందుకు జరిపి తప్పించుకోవాలి.

మీ వరసలో ఎదురెదురయ్యేవి రెండు సైకిళ్ల ఎడమ పెడళ్లు. ఆ రెండే తీయండి, నాలుగూ అక్కర్లేదు. ఎడమ పెడల్ మరలు తిరగబడి ఉంటాయి. పెడల్ వైపు నుంచి చూస్తూ గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది. మామూలు బోల్టు అనుకుని బలంగా రెండో వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. చాలా పెడళ్లకు 15 ఎంఎం స్పానర్, కొన్నింటికి లోపలి నుంచి 6 లేదా 8 ఎంఎం అలెన్ కీ. మళ్లీ ఎక్కించేటప్పుడు మరలకు కాస్త గ్రీజు రాయండి. మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి, స్పానర్ పెట్టకూడదు. క్రాంకు అల్యూమినియం, పెడల్ ఇరుసు స్టీలు. వంకరగా ఎక్కితే పోయేది క్రాంకే.

గ్రావెల్ గోడ వైపు పెడల్ పైకి ఉండాలి, లేకపోతే ఆర్చ్‌కు తగులుతుంది. ఎంటీబీ పడక వైపు పెడల్ కిందికి ఉండాలి, అప్పుడు మంచం అంచు కిందికి దూరిపోతుంది. చైనును వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం మీదికి తెచ్చి పెట్టండి, డిరెయిలర్ (గేరు మార్చే భాగం) లోపలికి జరుగుతుంది. పడకకూ చైనుకూ మధ్య 60 సెం.మీ. ఎత్తున 6 ఎంఎం పలక నిలబెట్టండి. లేకపోతే దుప్పట్లకు చైను నలుపు అంటుతుంది, అది ఉతికినా పోదు.

ఇక బిగింపు. ఫోర్క్ మౌంట్ కొనేముందు ఇరుసు కొలత చూడండి. కొత్త ఎంటీబీలకు ఎక్కువగా 15×110 (ఇరుసు మందం × ఫోర్కు కాళ్ల మధ్య వెడల్పు, ఎంఎంలలో), పాతవాటికి 15×100, గ్రావెల్‌కు 12×100, పాత క్విక్ రిలీజ్ (మీటతో ఊడేది) అయితే 9×100. ఒకదానికి ఇంకోటి పట్టదు, మార్చుకునే బుషులున్న మౌంట్ తీసుకోవడం మేలు. బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) ఫోర్కు ఎడమ కాలికి ఉంటుంది, మౌంట్ మరీ నేలబారుగా ఉంటే అది నేలకు కొట్టుకుంటుంది. అందుకే 10-12 సెం.మీ. దిమ్మ వేయాలి.

మౌంట్‌ను నేల ప్లైవుడ్‌కు చెక్క స్క్రూలతో బిగించకండి. ఇది చాలామంది చేసే తప్పు. గట్టిగా గుద్దుకున్నప్పుడు బరువు 20 రెట్లు పనిచేస్తుందనుకుంటే 15 కిలోల సైకిల్ 300 కిలోల బరువై ముందుకు దూకుతుంది, స్క్రూలు చెక్కను చీల్చుకుని వచ్చేస్తాయి. ముందున్నవి మీ తలలే. 40×40 అల్యూమినియం ప్రొఫైల్ ముక్కలు వేసి, వాటిని వ్యాన్‌లో సరుకు కట్టడానికి కంపెనీయే ఇచ్చిన కొక్కేల బోల్టు రంధ్రాలకు బిగించండి. కొక్కెం అందని చోట ఎం8 రివెట్ నట్టు (రేకు రంధ్రంలో నొక్కి బిగించే నట్టు), దానికి 11 ఎంఎం రంధ్రం. డ్రిల్ పెట్టేముందు వ్యాన్ కిందికి దూరి చూడాలి. ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు నేలను ఆనుకునే పోతుంటాయి. రంధ్రం అంచుకు తుప్పు పట్టని ప్రైమర్ పూయడం మరవద్దు.

ఫోర్కు ఒక్కటే బిగిస్తే చాలదు. మలుపులో వెనక చక్రం పక్కకు లాగుతుంది, ఆ మెలి అంతా ఫోర్కు కొనల మీద పడుతుంది. వెనక చక్రానికి రెండు వైపులా 25 ఎంఎం క్యామ్ పట్టీలు (చేత్తో లాగి బిగించేవి) వేసి నేలకు లాగండి. రాచెట్ పట్టీ (మీట ఆడించి బిగించేది) వద్దు, ఎంత బిగిస్తున్నామో చేతికి తెలియదు, కార్బన్ ఫ్రేమైతే నలిగిపోతుంది.

ఇరుసు

మంచం సంగతి ఎవరూ చెప్పలేదు. ఎల్ ఆకారంలో బలహీనం లోపలి మూల. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మోకాలు ఆనేది అక్కడే. ఆ మూల కింద తప్పనిసరిగా ఒక కాలు ఉండాలి. పలకను చదరపు మూలగా కోయకండి, 5 సెం.మీ. గుండ్రంగా కోయండి. చదరపు కోత దగ్గర నుంచే చీలిక మొదలవుతుంది.

అందరూ 18 ఎంఎం బర్చ్ ప్లైవుడ్ వేస్తారు. మీ పడక విస్తీర్ణం దాదాపు 2.16 చదరపు మీటర్లు, అంటే పలకే 26 కిలోలు. 12 ఎంఎం పాప్లర్ ప్లైవుడ్ అయితే 12 కిలోల దరిదాపుల్లో తేలుతుంది. 12 ఎంఎం వేస్తే కింద ప్రతి 40-45 సెం.మీ.కు ఒక అడ్డపట్టీ ఉండాలి, 60 దాటితే ఊగుతుంది.

మంచం అడుగు 32 ఎత్తులో పెడితే ఎడమ ఆర్చ్ మీదుగా పోతుంది. పరుపుతో కలిపి 44 దాకా వస్తుంది, పైకప్పుకు 86 మిగులుతుంది. 178 ఎత్తు మనిషి కాస్త వంగి కూర్చోవాలి, అంతకంటే మార్గం లేదు.

తీసిన ముందు చక్రాలు మంచం కింద పడుకోబెట్టండి. 29 అంగుళాల చక్రం వ్యాసం టైరుతో 74-75 సెం.మీ., కాబట్టి మంచం కాళ్ల మధ్య ఒక చోటైనా 78 ఖాళీ వదలాలి. కాళ్లు బిగించేశాక గుర్తొస్తే ఏడుపే. డిస్క్ పైవైపు ఉండాలి, దాని మీద ఏ సామానూ పెట్టకూడదు. కొద్దిగా వంగినా బ్రేకు కీచుమంటూనే ఉంటుంది.

పలకకు 50 ఎంఎం రంధ్రాలు 15-20 సెం.మీ.కు ఒకటి చొప్పున చేయండి. ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి ఊపిరి, చెమట కలిపి అర లీటరుకు పైనే నీరు గాల్లో చేరుతుంది. శరీరం వేడికి ఆ తేమ పరుపు దాటి చల్లటి పలక మీద నీరై కూర్చుంటుంది. పది రాత్రుల్లో బూజు. దానికితోడు బురద సైకిళ్లు లోపల. వాటి కింద 3-4 సెం.మీ. అంచు ఉన్న రబ్బరు తొట్టె పరవండి, నీళ్లు ప్లైవుడ్ కిందికి దిగకుండా. పైకప్పుకు గాలిమర ఒకటి, కింద ఎక్కడో గాలి వచ్చే సందు ఒకటి, రెండూ ఉండాలి. ఒకటే ఉంటే గాలి కదలదు.

రెండుచక్రాలు

చాలా థాంక్స్. నేల మీద టేపు అంటించి గుర్తులు పెట్టాను, 140/93 పడక కూడా అట్టతో కోసి చూశాను. సరిపోయింది. ఒక ఇబ్బంది: ఎంటీబీ ముందు చక్రం తీసి లోపల పెట్టి, తర్వాత ఎక్కించబోతే డిస్క్ బ్రేకు మధ్యలోకి దూరడం లేదు. ప్యాడ్లు రెండూ అతుక్కుపోయాయి. ఎందుకలా?

ఇంకోటి, ఎంటీబీ బదులు ఈ-సైకిల్ కొనే ఆలోచన ఉంది. అదే చోట పెట్టొచ్చా?

నట్టుబోల్టు

సర్దేటప్పుడు ముందు బ్రేకు లీవర్ ఎక్కడో నొక్కుకుంది. హైడ్రాలిక్ బ్రేకులో మధ్యలో డిస్క్ లేకుండా లీవర్ నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, మళ్లీ అంత వెనక్కి పోవు. ప్యాడ్లు తీసేసి, ప్లాస్టిక్ టైరు లీవర్‌తో రెండు పిస్టన్లనూ సమంగా లోపలికి నెట్టండి. స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, కొన్ని పిస్టన్లు సిరామిక్‌వి, పగులుతాయి. తర్వాత చక్రం ఎక్కించి లీవర్ పదిసార్లు నొక్కితే దారికొస్తుంది. ఇకపై చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టండి, కొత్త సైకిల్‌తో వస్తుంది. లేకపోతే మడిచిన మందపాటి అట్టముక్క చాలు. ప్యాడ్లకు నూనె చెయ్యి తగలకూడదు.

కొలబద్ద

ఈ-సైకిల్ కొలతల్లో పెద్ద తేడా రాదు, బరువులో వస్తుంది. 22-25 కిలోలు. ఎత్తి లోపల పెట్టేముందు బ్యాటరీ తీసేస్తే మూడు నాలుగు కిలోలు తగ్గుతుంది. పట్టీలు, మౌంట్ ఆ బరువుకు తగ్గవి ఉండాలి, కొన్ని ఫోర్క్ మౌంట్ల మీద బరువు పరిమితి రాసి ఉంటుంది.

బ్యాటరీని రాత్రి పడుకున్నాక లోపల చార్జింగ్ పెట్టవద్దు. లిథియం బ్యాటరీ అంటుకుంటే వ్యాన్ అంత చిన్న గదిలో నిమిషంలోపే పొగ నిండిపోతుంది. ఇంకో సంగతి, చాలా వ్యాన్లలో వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. మీ వరసలో వెనక వైపు సైకిల్, పెట్టె రెండూ అడ్డమే. అందుకే ఎడమ తలుపు దారిలో రాత్రి ఏదీ పెట్టకండి, బూట్లు కూడా. లోపలి పిడి చీకట్లో తడిమి తెరిచి చూసుకోండి.

ఇరుసు

ఈ-సైకిలే అయితే వ్యాన్ వెనక ట్రైలర్ లాగే హుక్కుకు తగిలించే ర్యాక్ గురించి కూడా ఆలోచించండి. రెండు ఈ-సైకిళ్లు, ర్యాక్ కలిపితే 60-70 కిలోలు. మీ వ్యాన్ హుక్కు మీద నిలువు బరువు పరిమితి ఎంతో ప్లేటు మీద రాసి ఉంటుంది, 75 అయితే సరిపోతుంది, 50 అయితే సరిపోదు. తలుపుకే తగిలించే ర్యాక్ మాత్రం వద్దు. ఆ బరువుకు తలుపును ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లు ఆగవు, తలుపు నెత్తి మీదికి దిగుతుంది. నంబరు ప్లేటు, లైట్లు కప్పకుండా చూసుకోవాలి.

దొంగల భయం ఉన్నచోట లోపలే నయం అనుకోండి, అది మీ ఇష్టం. అలాగైతే ఎంటీబీ స్థానంలో ఫోర్కు దిమ్మ బిగించే ముందే ఈ-సైకిల్ తెచ్చి కొలవండి. బ్యాటరీ ఉన్న కింది గొట్టం లావు ఎక్కువ, రెండు సైకిళ్ల మధ్యరేఖలకు ఉన్న 28 సెం.మీ. ఎడం 30 చేయాల్సి రావచ్చు.