అప్‌డేట్: ఇథియోపియాలో శాకాహారానికి లోటు లేదు

ఇథియోపియాలో శాకాహారికి భోజనం దొరుకుతుందా అని ఇంతకుముందు అడిగిన నేను, అక్కడ పది రోజులు గడిపి తిరిగి వచ్చాను. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు కనుక, ఉపవాస భోజనం అనే అర్థంలో ‘యెత్సోమ్’ అని అడిగితే చాలు, పుల్లటి అట్టులాంటి ఇంజెరా మీద పప్పు, ఆకుకూర, శనగపిండితో చేసే షిరో వడ్డిస్తారు. అందరూ ఒకే పళ్లెంలో కుడిచేత్తో తినడమే కాక, ఆప్యాయతతో ఎదుటివారి నోటికి ముద్ద అందిస్తారు. ఎంగిలి పట్టింపు ఎక్కువైన మా అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

నన్ను నిజంగా తికమకపెట్టింది గడియారం. అక్కడ పగటి గంటలను ఉదయం ఆరు నుంచి లెక్కిస్తారు కాబట్టి, డ్రైవరు చెప్పిన ‘రెండు గంటలు’ మన ఎనిమిది అని తెలియక ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాను. భారత్‌కు తిరిగి రావడానికి ఎల్లో ఫీవర్ టీకా పత్రం అవసరం. ఆ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి.