అప్‌డేట్: బీరువాలోని ఉన్ని కోటుకు చిల్లులు, కారణం తెలిసింది

మా అబ్బాయి ఢిల్లీలో చదివినప్పుడు కొన్న ఉన్ని కోటుకు, కర్నూలులో మా బీరువాలో రెండు వేసవులు ఉన్నాక చిల్లులు పడ్డాయని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

బొద్దింకలు కావు, కర్నూలు ఎండా కాదు. రఫ్ఫు చేసే పెద్దాయన కాలరు తిప్పి, బియ్యపు గింజంత గూళ్లు చూపించారు. అవి బట్టల చిమ్మట అనే చిన్న రెక్కల పురుగు పెట్టిన పిల్ల పురుగులవట. ఉన్నినే తిన్నాయి, లోపలి పాలిస్టర్ లైనింగు చెక్కుచెదరలేదు. చిల్లులన్నీ కాలరు, చేతుల అంచుల దగ్గరే ఉన్నాయి. చెమట, జిడ్డు అంటిన చోటంటే వాటికి మరీ ఇష్టమట. కోటును ఉతికించకుండానే మడిచి పెట్టింది నేనే, ఇంకెవరిని అనను!

డ్రై క్లీనింగ్ చేయించమన్న సలహాయే పనిచేసింది. గుడ్లు, పురుగులు దానితోనే పోయాయి. ఆ తర్వాతే రఫ్ఫు. దగ్గరగా చూస్తే తప్ప కుట్టు కనిపించదు. చలికి పురుగులు చచ్చేలా ఫ్రీజరులో పెట్టమన్న సలహా కూడా మంచిదే కానీ మా ఫ్రీజరులో కోటు పట్టలేదు. మఫ్లరు, చేతి తొడుగులను కవరులో గట్టిగా కట్టి వారం రోజులు ఉంచాను.

వేపాకు వల్ల ఒరిగిందేమీ లేదు. నాఫ్తలీన్ ఉండలు ముందునుంచీ ఉన్నాయి, కానీ సందులున్న బీరువాలో వాటి ఆవిరి నిలవదు. ఇప్పుడు కోటు పాత నూలు పంచెతో కుట్టిన సంచిలో, మూత బిగిసే ట్రంకు పెట్టెలో ఉంది.