అప్పీల్ తేలేదాకా ఆగాలా? కేర్ హోమ్‌లో ఉద్యోగం తీసేశారు (ఇంగ్లండ్)

కోవెంట్రీ_చెల్లి:
అందరికీ నమస్తే. ఇక్కడ ఒక కేర్ హోమ్‌లో మూడేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. నైట్ షిఫ్ట్‌లో ఒక పెద్దావిడకి టాబ్లెట్లు వేసి చార్ట్‌లో సంతకం పెట్టడం మర్చిపోయాను, అసలు మందులే ఇవ్వలేదని రాసి, గ్రాస్ మిస్‌కండక్ట్ (చాలా తీవ్రమైన తప్పు) అంటూ 2025 మార్చి 10న అప్పటికప్పుడు తీసేశారు. ఆ రాత్రి నా పక్కనే ఉన్న అమ్మాయిని ఒక్క మాట కూడా అడగలేదు. ఆ కేర్ హోమ్‌ వాళ్లకే అప్పీల్ పెట్టి ఏడు వారాలైంది, జవాబు లేదు. అది తేలాకే ట్రైబ్యునల్‌కి (ఉద్యోగ కేసులు వినే కోర్టుకి) వెళ్లాలని మావారు అంటున్నారు, నిజమేనా? పైగా వీసా టెన్షన్, నిద్ర పట్టట్లేదు.

లీడ్స్_అన్న:
ఆగొద్దమ్మా. అప్పీల్ నడుస్తున్నా ట్రైబ్యునల్ గడువు ఆగదు. మూడు నెలలకి ఒక్క రోజు తక్కువ, అంటే నీకు జూన్ 9. ఆలోపు ఏకాస్‌కి (ఉద్యోగ గొడవల్లో రాజీ కుదిర్చే సంస్థ) అర్లీ కన్సిలియేషన్ ఫారం, అంటే కేసుకి ముందు రాజీ ప్రయత్నం కోసం ఫారం, పంపాలి, ఆన్‌లైన్‌లోనే, డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లిచ్చే సర్టిఫికెట్ నంబర్ ఉంటేనే ట్రైబ్యునల్‌లో కేసు వేసే ఈటీ1 ఫారం ఇవ్వగలవు. నేను ఇలాగే అప్పీల్ కోసం చూస్తూ నాలుగు రోజులు దాటబెట్టాను, కేసు అక్కడితో పోయింది, నాకు జరిగింది ఎవరూ విననే లేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

యూనియన్_అక్క:
ఉద్యోగంలో రెండేళ్లు దాటాయి కాబట్టి, అన్యాయంగా తీసేశారని కేసు వేసే హక్కు మీకుంది. ట్రైబ్యునల్ ముఖ్యంగా చూసేది, తప్పు జరిగిందని యజమాని నిజంగా నమ్మారా, ఆ నమ్మకానికి ఆధారాలున్నాయా, సరిగ్గా విచారించారా అని. 1978 నాటి బర్చెల్ కేసు నుంచీ ఇదే పద్ధతి. పక్కనున్న మనిషినే అడగలేదంటే అది విచారణలో పెద్ద లోపం, మీ కేసుకి అదే బలం. ఆ రాత్రి ఎవరెవరున్నారో, ఏ టైమ్‌కి ఏం జరిగిందో ఇవాళే రాసిపెట్టుకోండి. మీ గురించిన ఈమెయిళ్లు, విచారణ నోట్స్ కావాలని కేర్ హోమ్‌కి సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం అడిగే అర్జీ) పెట్టండి, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. కేసు వేయడానికి ఫీజు లేదు, యూనిసన్ అనే కార్మిక సంఘం వేసిన కేసులో 2017లో ఇక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజును రద్దు చేసింది.

వీసా సంగతి వేరు. కేసు వేసినంత మాత్రాన అది పెరగదు. హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) ఉత్తరం వస్తే సాధారణంగా 60 రోజులే ఇస్తారు, కొత్త స్పాన్సర్ (మీ వీసాకి బాధ్యత తీసుకునే యజమాని) కోసం ఇప్పటినుంచే వెతకండి.

కోవెంట్రీ_చెల్లి:
అన్నా, అక్కా, ఏకాస్ ఫారం ఇప్పుడే పంపాను. ఆ అమ్మాయి ఫోన్ నంబర్ కూడా దొరికింది, రేపు పొద్దున మాట్లాడతాను.