ఆడ ఓర్కాలో విషం తక్కువ, మగదానిలో ఎక్కువ. ఎందుకని?

బోథెల్ అమ్మ:

పోయిన శనివారం పిల్లల్ని తీసుకుని, సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న శాన్ వాన్ దీవికి వెళ్ళొచ్చాం. అనకోర్టిస్‌లో ఫెర్రీ ఎక్కి ఫ్రైడే హార్బర్‌లో దిగి, లైమ్ కిల్న్ పార్కులో బండల మీద పులిహోర డబ్బా విప్పుకుని మూడు గంటలు కూర్చున్నాం. ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అంటారే, అవి) రాలేదు. సీలు అనే సముద్రజంతువు ఒకటి తల పైకెత్తి మా పులిహోర కేసి చూసి, నచ్చక, మునిగిపోయింది. అంతే మా భాగ్యం.

తిరుగు ఫెర్రీలో మా పెద్దది (తొమ్మిదేళ్ళు) లైబ్రరీ పుస్తకం తెరిచి కూర్చుంది. అందులో ఒక పట్టిక. ఇక్కడి నీళ్ళలో తిరుగుతూ సీళ్ళని వేటాడే ఓర్కాల కొవ్వులో పీసీబీ అనే రసాయనం ఎంతుందో రాశారు. మగవాటిలో 251, ఆడవాటిలో 59. "అమ్మా, ఇద్దరూ తినేది ఒకటే కదా, అమ్మల్లో ఎందుకు తక్కువ?" అని అడిగింది. మావారు "మగాళ్ళు ఎక్కువ తింటారు కదమ్మా" అన్నారు. పిల్ల ఆయన పొట్ట కేసి చూసింది గానీ నమ్మినట్టు లేదు.

నా సందేహాలు ఇంకో రెండు. అమెరికాలో దీన్ని 1979లోనే నిషేధించారట. మరి నిన్న గాక మొన్న పుట్టిన ఓర్కా పిల్లల్లో ఎలా ఉంటుంది? ఇంకోటి, అంత పెద్ద సముద్రంలో పడింది కలిసి పలచబడిపోదా? నేను బీకాం. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చెప్పండి.

అన్నీతెలిసినవాడు:

ఇదంతా ప్లాస్టిక్ కవర్ల వల్లేనండీ. గుడ్డ సంచులు వాడండి, సరిపోతుంది.

రమణయ్యపేట కుర్రాడు:

గుడ్డ సంచి మంచిదే గానీ ఈ కథ వేరు. నా ఉద్యోగమే ఇది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. కాకినాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, అక్కడా ఇక్కడా తిరిగి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక ల్యాబులో తేలాను. సముద్రజంతువుల కొవ్వులో ఏమేం చేరాయో కొలవడం నా పని. మా అమ్మ చుట్టాలందరికీ "మావాడు సైంటిస్టు" అని చెబుతుంది. రోజులో సగం గాజు సామాన్లు తోమడంతోనే సరిపోతుందని ఆవిడకి చెప్పలేదు.

ముందు సముద్రంలో పలచబడదా అన్న సంగతి. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మీ ఇంట్లో ఉండే ఉంటుంది. నీళ్ళు పోసి ఎంత కడిగినా ఆ ఎర్రదనం వదలదు. దానికి నీళ్ళంటే పడదు, జిడ్డు ఎక్కడుంటే అక్కడికి పోయి కూర్చుంటుంది. పీసీబీదీ అదే గుణం. ఇది ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో వేడికి తట్టుకుంటుందని, నిప్పంటుకోదని 1929 నుంచి తయారుచేసి పోసిన నూనెలాంటి రసాయనం. ఉప్పునీళ్ళలో దానికి దొరికే జిడ్డు ఎక్కడ? కంటికి కనపడని నాచులో ఉన్న రవ్వంత కొవ్వులో. ఆ నాచుని చిన్న పురుగులు తింటాయి, వాటిని హెర్రింగు చేప తింటుంది, దాన్ని చినూక్ సాల్మన్ అనే పెద్ద చేప, దాన్ని సీలు, సీలుని ఓర్కా. తిన్న తిండి ఒంటికి శక్తిగా ఖర్చయిపోతుంది. పీసీబీ ఖర్చవదు. కింది మెట్టు మీదున్నవాళ్ళందరి బాకీ కూడి పై మెట్టువాడి ఖాతాలో పడుతూ పోతుంది. చేపకైతే మొప్పల్లోంచి కొంత నీళ్ళలోకి వదిలించుకునే దారి ఉంది. గాలి పీల్చే ఓర్కాకి అదీ లేదు.

ఇదెంత మొండిదో నా బల్ల మీద రోజూ చూస్తాను. పడవ మీంచి చిన్న బాణం వేసి ఓర్కా వీపు నుంచి పెన్సిల్ రబ్బరంత ముక్క తీస్తారు. అది నా దగ్గరికి గడ్డకట్టి వస్తుంది. నూరి, ద్రావకంలో కొవ్వంతా దించాక, గంధకామ్లం పట్టించిన సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో పోస్తాను. కొవ్వు నా కళ్ళముందే గోధుమరంగుకి తిరిగి, నల్లగా మాడి, పైనే ఆగిపోతుంది. పీసీబీ మాత్రం ఏమీ ఎరగనట్టు కింది సీసాలోకి చుక్కచుక్కగా దిగుతుంది. గాఢ గంధకామ్లానికే లొంగనిది కాలేయానికి ఏం లొంగుతుంది చెప్పండి. నిజానికి పీసీబీల్లో 209 రకాలున్నాయి, కొన్నిటిని కాలేయం విరగ్గొట్టగలదు. 153వ నంబరుది ఉంది చూశారూ, దానితో అవదు. నా మిషను గీసే గీతల్లో ఎప్పుడూ దాని శిఖరమే పొడుగు.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్నకి వస్తాను. ఆ అంకెలు పీటర్ రాస్ అనే శాస్త్రజ్ఞుడి బృందం 2000లో ప్రచురించినవి, కిలో కొవ్వుకి మిల్లీగ్రాముల లెక్క. సీళ్ళలో 17 దాటితేనే రోగనిరోధక శక్తి దెబ్బతింటుందని ఒక హద్దు చెబుతారు. దాని పక్కన పెట్టుకుని చూడండి ఈ 251ని. మీరు చూద్దామని వెళ్ళినవి చేపలు మాత్రమే తినే దక్షిణపు ఓర్కాలు, మొత్తం డెబ్బై చిల్లరే మిగిలాయి. వాటిలో మగవాటి కొవ్వులో పీసీబీ 146, ఆడవాటిలో 55.

ఆడవాటిలో ఎందుకు తక్కువంటే, అవి పాలిస్తాయి. ఓర్కా పాలు మన గేదె పాలకంటే ఎన్నో రెట్లు చిక్కన. తల్లి ఒంట్లోని కొవ్వు కరిగి పాలలోకి దిగుతుంది, దానితోపాటు ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా దిగుతుంది. అందులో పెద్ద వాటా తొలిచూలు పిల్లకే. రెండోదానికి తక్కువ, మూడోదానికి ఇంకా తక్కువ. మగవాడికి దించుకునే చోటు లేదు, చచ్చేదాకా మోయడమే.

నిన్న గాక మొన్న పుట్టిన పిల్లలో ఎలా అన్నారు. జవాబు ఇదే. పిల్ల ఇంకా ఒక్క చేప కూడా తినకముందే అమ్మమ్మల కాలపు పీసీబీ ఒంట్లో పడిపోయింది. దీనికి సాక్ష్యం ఎక్కడ దొరికిందో తెలుసా? చెవి గులిమిలో! 2007లో కాలిఫోర్నియా శాంటా బార్బరా దగ్గర ఓడ తగిలి ఒక మగ నీలి తిమింగలం చచ్చిపోయింది. వాటి చెవిలో గులిమి ఏడాదికేడాది పొరలు పొరలుగా గడ్డకడుతుంది, చెట్టు మానులో వలయాల్లాగ. బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు జానెడు పొడుగున్న ఆ కడ్డీని పొర పొరా విడదీసి కొలిచి 2013లో ప్రకటించారు. అది బతికిన పన్నెండేళ్ళలో ఒంట్లో చేరిన ఇలాంటి రసాయనాల్లో ఐదో వంతు మొదటి ఏడాదిలోనే వచ్చింది, అంటే తల్లి నుంచి. గులిమిని పారేసేవాళ్ళే గానీ దాచి చదివేవాళ్ళుంటారని మా నాన్న ఇప్పటికీ నమ్మడు.

ఇంకో సగం జవాబు మీ పక్కనే ఉంది. సియాటిల్ మధ్యలోంచి పారే డువామిష్ నది అడుగు బురదలో పీసీబీ ఇంకా కూర్చునే ఉంది. 2001లో దాన్ని కేంద్రప్రభుత్వపు శుద్ధి జాబితాలో పెట్టారు. అక్కడే ఉండే చేపల్ని తినొద్దని ఒడ్డున బోర్డులుంటాయి. ఈసారి అటు వెళ్తే చూడండి.

దోసకాయ పప్పు:

2018లో చచ్చిన పిల్లని 17 రోజులు తల మీద మోసుకు తిరిగిన తలీక్వా అనే తల్లి ఓర్కా వీటిలోదే కదా? అప్పుడు ఆఫీసులో కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల ఈ విషం వల్లే పోయిందంటారా?

రమణయ్యపేట కుర్రాడు:

అలా అనడానికి ఆధారం లేదండీ. ఆ కళేబరం ఎవరి చేతికీ దొరకలేదు, పరీక్షించిందీ లేదు. పైగా అది తొలిచూలు పిల్ల కాదు. 2010లో పుట్టిన తొలి కొడుకు బతికే ఉన్నాడు. 2024 డిసెంబర్‌లో పుట్టిన ఆడపిల్ల కూడా కొద్ది రోజులకే పోతే మళ్ళీ అలాగే మోసింది. వీటికి చినూక్ చేపలు చాలడం లేదు, ఓడల రొద ఉంది, ఈ రసాయనాలున్నాయి. మూడూ ఒకదానికొకటి తోడు. కడుపు మాడినప్పుడు ఒంట్లో కొవ్వు కరుగుతుంది, కొవ్వులో నిద్రపోతున్న పీసీబీ నెత్తుట్లోకి లేస్తుంది. అందుకని ఒక్కదాని మీదే నేరం మోపలేం.

కళేబరం చేతికి దొరికి, కొలవగలిగిన కేసు ఒకటుంది. 2016 జనవరిలో స్కాట్లండ్‌లో టైరీ దీవి ఒడ్డుకి లూలూ అనే ఆడ ఓర్కా కొట్టుకొచ్చింది. చచ్చింది చేపలవాళ్ళ తాళ్ళు చుట్టుకుని. కొవ్వు కొలిస్తే 957 మిల్లీగ్రాములు. ఆడదానికి అంతేంటని మీ అమ్మాయి అడుగుతుంది. దాని వయసు కనీసం 20 ఏళ్ళు, అండాశయాలు చూస్తే ఒక్కసారి కూడా కడుపు పండిన గుర్తు లేదు. దించుకునే దారి ఎప్పుడూ తెరుచుకోలేదు. పీసీబీ వల్లే పిల్లలు పుట్టలేదా, పుట్టకపోవడం వల్లే పీసీబీ పేరుకుందా అంటే, రెండూ ఒకదాన్నొకటి పెంచాయనే నాకనిపిస్తుంది.

బోథెల్ అమ్మ:

చాలా థాంక్సండీ. పిల్లకి ఆవకాయ డబ్బా చూపించి మరీ చెప్పాను. కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చిన్నదానికి పద్నాలుగు నెలలు, ఇంకా పాలిస్తున్నాను. మనదీ అదే కథేనా?

రమణయ్యపేట కుర్రాడు:

ఆ ప్రశ్న వస్తుందని అనుకున్నాను. హాయిగా పాలివ్వండి. మీరు సీలు కొవ్వు తినరు కదా.

మనుషుల్లో ఇది బయటపడిన తీరు చెబుతాను. 1980ల్లో ఎరిక్ దెవాయీ అనే వైద్యుడు కెనడాలోని క్యూబెక్ తల్లుల పాలు పరీక్షిస్తూ, పోల్చడానికి ఎక్కడైనా శుభ్రమైన చోటు కావాలని చూశాడు. ఫ్యాక్టరీ అన్నదే లేని ఉత్తరాన ఉండే ఇన్యూట్ అనే ఆదివాసీ తల్లుల పాలు తెప్పించాడు. వాళ్ళలో దక్షిణ క్యూబెక్ తల్లులకంటే ఐదు రెట్లు పీసీబీ ఉంది! వేడి ప్రాంతాల్లో ఆవిరైంది గాలిలో పోయి చలి దగ్గర దిగుతుంది, ఇడ్లీ పాత్ర మూతకి ఆవిరి పట్టి నీరైనట్టు. అది సీళ్ళలో, బెలూగా తిమింగలాల్లో చేరింది, వాటిని వాళ్ళు తరతరాలుగా తింటున్నారు. అయినా అక్కడి వైద్యులు పాలివ్వడం మానమని చెప్పలేదు, పాలవల్ల జరిగే మేలు అంతకంటే ఎక్కువ. నాకు బాధనిపించేది వేరే సంగతి. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కూడా తయారుచెయ్యనివాళ్ళ ఖాతాలో ఈ బాకీ పడింది.

ఓరుగల్లు లైన్‌మన్:

నేను కరంటు డిపార్ట్‌మెంటుల చేసి రిటైరైన. ఈ ముచ్చట చదివినంక మనసుల గుబులైతాంది. మా జమానల ట్రాన్స్‌ఫార్మర్ కాలితే నూనె డ్రమ్ముల పోసి పెడితే, తెల్లారేసరికి సగం మాయమయ్యేది. మోకాళ్ళ నొప్పులకు మంచిదని ఊర్లె ముసలోళ్ళు అడిగి తీస్కపోయేటోళ్ళు. నేను గూడ మా అమ్మకు ఒక సీసల పోసి ఇచ్చిన. గా నూనెల గిదే ఉంటదా బిడ్డా?

రమణయ్యపేట కుర్రాడు:

బాబాయ్, మన వీధి స్తంభాల మీద ఉండేవాటిలో పోసేది మామూలుగా మినరల్ ఆయిలే. పీసీబీ పోసినవి మంటలు లేస్తాయన్న భయం ఉన్నచోట, ఫ్యాక్టరీల్లో అలా పెట్టేవాళ్ళు. రిపేరు షెడ్లలో ఒకే పంపు, ఒకే డ్రమ్ము రెండిటికీ వాడితే మాత్రం ఇదీ అదీ కలవచ్చు. మన దేశం 2016లో ఉత్తర్వు తెచ్చి, పీసీబీ వాడకం పూర్తిగా ఆపడానికి 2025 డిసెంబర్ 31 గడువు పెట్టింది. ఇక మీదట మోకాళ్ళకి కొబ్బరి నూనె రాయండి.

మన సముద్రం సంగతి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. తమిళనాడు పరంగిపేట దగ్గర దొరికిన బంగాళాఖాతపు డాల్ఫిన్ల మీద 1993లో ఒక పరిశోధన అచ్చయింది. అక్కడ పైచేయి పీసీబీది కాదు, డీడీటీది. చిన్నప్పుడు మలేరియావాళ్ళు గోడలకి తెల్లటి మందు కొట్టి తలుపు పక్కన తేదీ రాసి పోయేవాళ్ళే, ఆ డీడీటీ.

బోథెల్ అమ్మ:

పెద్దది ఆఖరి ప్రశ్న పంపింది. "మరి అమ్మమ్మ ఓర్కాలకి?"

రమణయ్యపేట కుర్రాడు:

మీ అమ్మాయికి మా ల్యాబులో ఉద్యోగం ఇప్పించాలి. జంతువుల్లో చాలా కొద్దిటికి మాత్రమే ముట్లుడుగుతాయి, వాటిలో ఓర్కా ఒకటి. నలభై దాటాక పిల్లల్ని కనదు, పాలివ్వదు, ఇంకా నలభై ఏళ్ళు బతికినా బతుకుతుంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మందకి దారి చూపించేది ఆవిడే. పాలు ఆగిన రోజు నుంచి అంకె మళ్ళీ నెమ్మదిగా పైకెక్కుతుంది.