సిగ్నల్ దగ్గర కారు వణుకుడు: ఇంజెక్టర్లా, ఇథనాలా?

గుంటూరు_సెడాన్:
2014 పెట్రోల్ సెడాన్, నాలుగు సిలిండర్లు, 82 వేలు తిరిగింది. సిగ్నల్లో ఆగితే స్టీరింగూ సీటూ వణుకుతాయి, ఏసీ వేస్తే ఇంకాస్త. ఆర్పీఎం ముల్లు 600కీ 850కీ మధ్య ఊగుతుంది. కదిలాక ఏ తేడా తెలీదు. చెక్ లైటు లేదు. ప్లగ్గులు మార్పించి, థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించా, మొత్తం 2,900. నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ మొదలు. ఇప్పుడు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి, 4,500 అంటున్నారు. చేయించమంటారా?

కరీంనగర్_రైడర్:
ఇంజెక్టర్లు కాదు, ఈ20 పెట్రోల్. మీది 2014 బండి, ఈ పెట్రోల్ కోసం చేసింది కాదు. 2030 కల్లా అన్న 20 శాతం ఇథనాల్‌ను 2025కే తెచ్చి మన నెత్తిన పెట్టారు. నా బండికీ ఇదే వణుకు, చివరికి ఫ్యూయల్ పంపు పోయింది, 14,000 వదిలింది. ఏం చేయించినా డబ్బు దండగ.

సాయి_99:
మూడు సిలిండర్ల బండ్లన్నీ అంతే బ్రో, అలవాటైపోతుంది.

శ్రావణి_మోటార్స్:
నాలుగు అని మొదటి లైన్లోనే ఉంది బ్రో.

ఆటోనగర్_బాబాయ్:
తమ్ముడూ, ఇంజెక్టర్ల సంగతి తర్వాత. ఆరేడు వందలకు బ్లూటూత్ స్కానర్ దొరుకుతుంది, ఫోనుకి కలుపు. ఇంజన్ బాగా వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుందో చూడు, అంటే ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) తన లెక్క మీద పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. అప్పటికప్పటిది షార్ట్, నేర్చుకున్నది లాంగ్, రెండూ కూడి చెప్పు. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి ఇంకోసారి. ఫిల్టర్ డబ్బా పక్కన పైపుకి, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉందో లేదో కూడా చూసి చెప్పు. అప్పటిదాకా పైసా ఖర్చు పెట్టకు.

కరీంనగర్_రైడర్:
పెట్రోల్ చెడిపోతే స్కానర్ ఏం చెప్తుంది బాబాయ్?

ఆటోనగర్_బాబాయ్:
అదే చెప్తుంది. ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే ఈ20 ఓ 7, 8 శాతం ఎక్కువ పోయాలి. ఆ తేడా ఐడ్లింగ్‌లోనూ ఉంటుంది, 2500లోనూ ఉంటుంది. బండి ఆగినప్పుడు తినేది వేరే, పరిగెత్తేటప్పుడు తినేది వేరే పెట్రోల్ కాదుగా.

గుంటూరు_సెడాన్:
చూశాను బాబాయ్. ఐడ్లింగ్‌లో +18, 2500లో +4. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంది.

ఆటోనగర్_బాబాయ్:
దొంగగాలి. సెన్సర్ దాటాక ఎక్కడో పైపు పగిలి లెక్కలో లేని గాలి లోపలికి పోతోంది, దానికి సరిపడా ఈసీయూ పెట్రోల్ పెంచుతోంది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ మూసుకుని ఉంటుంది, వచ్చే గాలే తక్కువ, అందులో ఈ దొంగగాలి వాటా పెద్దది. రేజ్ చేస్తే అసలు గాలి బోలెడు వస్తుంది, దొంగది లెక్కలోకి రాదు. అందుకే 18 కాస్తా 4 అయింది. గాలి బదులు దాని ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ బండైతే ఈ గుర్తు ఇలా కనపడదు, అందుకే ముందు సెన్సర్ అడిగా. బ్యాటరీ వైరు తీసి పెట్టి ఉంటారు, ఈసీయూ నేర్చుకున్నదంతా చెరిగిపోయి నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించి ఉంటుంది. స్మోక్ టెస్ట్ చేయించు, పైపుల్లోకి పొగ పంపితే పగిలిన చోట బయటికొస్తుంది. క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తామంటే వేడి ఇంజన్ మీద ఒప్పుకోకు, అంటుకుంటుంది.

కరీంనగర్_రైడర్:
స్మోక్ టెస్ట్‌కి ఎంత తీసుకుంటారో అది చెప్పలేదు. షెడ్డోళ్ళ తీరే అంత. ముందు టెస్ట్, తర్వాత ఇంకో టెస్ట్, చివరికి మన జేబు ఖాళీ. నాకు పంపు మార్చినోడు కూడా మీలాగే తియ్యగా మాట్లాడాడు.

శ్రావణి_మోటార్స్:
ఆ పంపు మార్చేముందు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూశారా మరి?

కరీంనగర్_రైడర్:
లేదు. సౌండ్ విని చెప్పేశాడు. ఉచితంగా చెప్పాడు కదా అని సంతోషపడ్డా.

ఆటోనగర్_బాబాయ్:
ఉచితంగా చెప్పాడు, పంపులో తీసుకున్నాడు. మా షెడ్డుకి వచ్చేవాళ్ళదీ ఇదే గోల. గంటన్నర కింద పడుకుని పైపు పైపూ వెతికి 300 రూపాయల పైపు మార్చి, 900 కూలి అడిగితే "పైపు 300 అయితే మిగతాది దేనికి?" అంటారు. అదే ఏమీ వెతక్కుండా 4,500 ఇంజెక్టర్ క్లీనింగ్ బిల్లు చేతిలో పెడితే కిక్కురుమనరు, డబ్బాలో రసాయనం కనపడింది కదా. వెతకడానికి డబ్బివ్వనంటే ఏ మెకానిక్ వెతుకుతాడు? పార్టులు మారుస్తూ పోతాడు. మాలో దొంగలు లేరనట్లేదు. కానీ ఆ దొంగల్ని పెంచిందెవరు?

కరీంనగర్_రైడర్:
అంటే తప్పు నాదా? 14,000 పోగొట్టుకున్నదీ నేనే, మాట పడేదీ నేనే. వెతికినోడు నిజంగా వెతికాడో, ఫోన్ చూస్తూ కూర్చున్నాడో నాకెట్లా తెలుస్తది? కొత్త పంపు అయితే కంటికి కనపడుతది. నాలాంటోడికి అదొక్కటే సాక్ష్యం.

ఆటోనగర్_బాబాయ్:
ఇది మాత్రం న్యాయమైన మాట. నేను కస్టమర్ని పక్కన నిలబెట్టుకుని వెతుకుతా, అందరికీ అది కుదరదు. మారిస్తే పాత పార్టు చేతికి ఇమ్మని అడగండి, స్కానర్లో ముందూ వెనకా ఫొటో తీయండి.

సాయి_99:
అన్నా మీ షెడ్డు ఎక్కడ, నా బండి కూడా వణుకుతోంది. మూడు సిలిండర్లే.

గుంటూరు_సెడాన్:
ఇక్కడే ఒకతన్ని పట్టుకుని పొగ పెట్టించాను, 800 తీసుకున్నాడు. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి అందులోకి పంపే పీసీవీ వాల్వు గొట్టం, వంపు దగ్గర పగిలి పొగ కక్కింది. పై నుంచి చూస్తే కనపడనే కనపడదు. గొట్టం 280. ఇప్పుడు ఐడ్లింగ్‌లో ట్రిమ్ +5, ముల్లు 750 దగ్గర నిలబడింది. ఏసీ వేస్తే మాత్రం సీటు కింద చిన్న వణుకు ఇంకా ఉంది.

ఆటోనగర్_బాబాయ్:
82 వేలు కదా, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూపించు. మార్చమని కాదు, చూపించమని.

కరీంనగర్_రైడర్:
గొట్టం ఎందుకు పగిలిందో ఎవరూ అడగరేం? ఇథనాల్!

శ్రావణి_మోటార్స్:
పీసీవీ గొట్టంలో పెట్రోల్ పారదు రైడర్ గారూ. పన్నెండేళ్ళు ఇంజన్ వేడికి ఉడికిన రబ్బరు అది.

కరీంనగర్_రైడర్:
ఆవిరి పోతుందిగా.