మెడిసిన్ మొదటి ఏడాది: చదివింది నిలవట్లేదు, ఎలా?

కొత్త‌స్టూడెంట్: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఒకేసారి మీద పడ్డాయి. రాత్రంతా బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) చదివినా, పొద్దున డిసెక్షన్ టేబుల్ దగ్గర ఒక్క నరం పేరూ గుర్తురాదు. మీరంతా ఎలా గట్టెక్కారు?

హౌస్‌సర్జన్: టెన్షన్ పడకండి, మొదట్లో చాలామందికి ఇంతే. చదివిందే మళ్లీ చదవడం ఆపండి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద గీయండి. వెన్నుపాము నుంచి వచ్చే సి5 నుంచి టి1 దాకా నరాల ఐదు రూట్లు, అవి కలిసి మూడు ట్రంకులు, ఒక్కోటి రెండుగా చీలితే ఆరు డివిజన్లు, మళ్లీ కలిసి మూడు కార్డ్‌లు (cords, అంటే నరాల తాళ్లు). చెయ్యి ఎక్కడ ఆగిందో ఆ ముక్క కోసమే పుస్తకం తెరవండి.

తర్వాత ప్రతి నరాన్నీ ఒక దెబ్బతో కలిపి గుర్తుపెట్టుకోండి. హ్యూమరస్ (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక) మధ్యలో విరిగితే, ఎముకను ఆనుకుని పోయే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వేలాడిపోవచ్చు. అదే ఎముక పైభాగంలో, భుజం కిందుండే సర్జికల్ నెక్ దగ్గర విరిగితే ప్రమాదం ఆక్సిలరీ నరానికి. అప్పుడు భుజం మీది డెల్టాయిడ్ కండరం బలహీనపడి చెయ్యి పక్కకి ఎత్తలేరు. ఇలా నేర్చుకున్నవి నాకు వార్డులో ఇప్పటికీ పనికొస్తున్నాయి.

రోజూ‌రివిజన్: గీసింది కూడా మళ్లీ చూడకపోతే పోతుందండీ. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే రాశాడు. మర్నాడు ఒకసారి, కొన్ని రోజులాగి ఇంకోసారి చూడండి. ప్రశ్న-జవాబు కార్డులతో రివిజన్ చేయించే అంకీ యాప్ ఆ లెక్క తనే చూసుకుంటుంది. కాకపోతే కార్డులు మీరే రాసుకోండి, కార్డుకి ఒక్క విషయమే.

జీవరసాయనం: బయోకెమిస్ట్రీకి మాత్రం కార్డులు చాలవు. కణాల్లో శక్తి పుట్టించే రసాయన చర్యల వరుస అయిన క్రెబ్స్ సైకిల్‌ని వరుసగా బట్టీ పడితే పరీక్ష అయ్యేదాకే ఉంటుంది. ఏ మెట్టు ఆగితే ఏమవుతుందో అడగండి. థయమిన్ (విటమిన్ బి1) లేకపోతే, ఆ సైకిల్లోకి దారి తీసే పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ నడవదు, గ్లూకోజ్ నుంచి రావలసిన శక్తి రాదు. శక్తి ఎక్కువ కావలసిన గుండె, నరాలు దెబ్బతింటాయి. థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు లక్షణాలు అక్కడి నుంచే వస్తాయి.

రోజూ‌రివిజన్: ఒప్పుకుంటాను. అయితే ఆ "ఎందుకు"నే కార్డు మీద ప్రశ్నగా రాయొచ్చు.

కొత్త‌స్టూడెంట్: థాంక్సండీ. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానేసి చదవొచ్చా?

హౌస్‌సర్జన్: వద్దు. చదివింది మెదడులో బాగా కుదురుకోవాలంటే నిద్ర కావాలి. వైవాలో (మౌఖిక పరీక్షలో) నోరు తెరిచి చెప్పాలి కాబట్టి, ఆ సాయంత్రం ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకుని ఎముక చేత్తో పట్టుకుని గట్టిగా చెప్పండి. కుడిదా ఎడమదా అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టండి, చాలామంది ఎగ్జామినర్లు మొదట అడిగేది అదే.